అయ్యగారి మాట, గార్డు తాత ప్రశ్న

తొంభైల్లో కాజీపేటలో పెరిగిన మాలాంటి క్రైస్తవ కుటుంబాల పిల్లలకి అమ్మానాన్నలు కాక ఇంకా బోలెడంత మంది పెద్దలు ఉండేవాళ్లు. డీజిల్ కాలనీ నుంచి ఫాతిమానగర్ దాకా ఎటు నడిచినా చర్చిలో చూసే ముఖం ఒకటి ఎదురయ్యేది. వాళ్లకి మన మార్కులు తెలుసు, మనం ఎవరితో తిరుగుతున్నామో తెలుసు, పోయిన ఆదివారం ఆరాధనకి ఎందుకు రాలేదో కూడా తెలుసు. రైల్వే ఊరు కాబట్టి అన్ని వైపుల నుంచి వచ్చిన విశ్వాసులు ఉండేవాళ్లు, హనుమకొండ బాప్టిస్టు మిషన్ కుటుంబాలు, మెదక్ నుంచి, డోర్నకల్ నుంచి బదిలీ మీద వచ్చిన దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) వాళ్లు, ఫాతిమా చర్చికి వెళ్లే క్యాథలిక్కులు, ఆ తర్వాత ఇళ్లలో మొదలై రేకుల షెడ్లలోకి పెరిగిన పెంతెకోస్తు సంఘాలు. ఎవరి ఆరాధన వాళ్లదే అయినా పిల్లల విషయంలో అందరూ పెద్దలే. ఎవరైనా ఆపి అడగొచ్చు, ఎవరైనా మందలించొచ్చు, ఎవరైనా తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేయొచ్చు.

ఆ రోజులంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఆ పెద్దలే ఒక విషయంలో తలో మాట చెప్పినప్పుడు నాకు పట్టిన టెన్షన్ కూడా అంతే బాగా గుర్తుంది. ఆ సంగతి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పెద్దల మాట వినాలా, సొంతంగా ఆలోచించాలా అని ఇప్పటి పిల్లలు నా దగ్గరికి వచ్చి అడుగుతున్నారు. నాకు ఆ రెండూ నేర్పింది ఆ పెద్దలే.

ముందు మా అయ్యగారి గురించి, అంటే మా సంఘం పాస్టరు గురించి చెప్పాలి. రామాయపట్నం సెమినరీలో చదువుకున్న మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేవారు, సైకిల్ హ్యాండిల్‌కి బైబిలు సంచి తగిలించుకుని మడికొండ దాకా కూడా గృహ ప్రార్థనలకి వెళ్లేవారు. మా నాన్న డీజిల్ షెడ్డులో ఫిట్టర్. ఒకసారి పనిలో చెయ్యి నలిగి ఆసుపత్రిలో ఉంటే, అయ్యగారు రాత్రిళ్లు వరండాలో దుప్పటి పరుచుకుని పడుకుని, తెల్లారి మా అమ్మకి చాయ్ తెచ్చిచ్చి వెళ్లేవారు. నేను మొదటిసారి నలుగురిలో నోరు తెరిచి ప్రార్థన చేసింది ఆయన పక్కన నిలబడే. వాక్యం ఎలా చదవాలో, చదివింది ఎలా రాసుకోవాలో, చావు ఇంట్లో ఏం మాట్లాడకూడదో ఆయనే నేర్పారు. అలాంటి మనిషి ఒక మాట చెబితే కాదనడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. మనకి చెడు చేసినవాడి మాట పక్కన పెట్టడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు.

సండే స్కూల్ టీచరమ్మది ఇంకో పద్ధతి. కంఠస్థ వాక్యాలు తప్పకుండా చెప్పించేవారు, కానీ అప్పజెప్పగానే వదిలేవారు కాదు, "దీని ముందు వచనంలో ఏముంది నాన్నా?" అని అడిగేవారు. ముందూ వెనకా చూడకుండా ఒక్క వాక్యం పట్టుకుని పరిగెత్తొద్దని ఆమె పట్టుదల. కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనలో తలా ఒక బైబిలు వాక్యం రాసి ఉన్న వాగ్దాన కార్డులు తీసుకుంటాం కదా, పిల్లలందరం ఎవరి కార్డు వాళ్లు చూసుకుని మురిసిపోతుంటే, ఆమె తర్వాతి ఆదివారమే బైబిలు తెరిపించి ఆ మాట దేవుడు ఎవరితో చెప్పాడో, వాళ్లు అప్పుడు ఏ కష్టంలో ఉన్నారో చదివించేవారు. చిన్నప్పుడు ఇస్సాకు కథ, తండ్రి అబ్రాహాము అతన్ని దేవునికి బలివ్వబోయిన కథ, చెబుతుంటే నేనొక ప్రశ్న అడిగాను. తండ్రి తన మీద కత్తి ఎత్తడం చూశాక ఆ పిల్లవాడికి ఆ రాత్రి నిద్ర పట్టిందా టీచర్ అని. "నాకు తెలీదు నాన్నా" అన్నారు. చర్చిలో ఒక పెద్ద మనిషి నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. ఆ తర్వాత ఆమె చెప్పినవన్నీ నేను ఇంకా ఎక్కువ నమ్మాను.

ఇక గార్డు తాత. ఆయన పేరు పెట్టి ఎవరూ పిలిచేవాళ్లు కాదు. గూడ్స్ బళ్లకి గార్డుగా చేసి రిటైరై సోమిడిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. సొంతూరు గార్ల, అంటే డోర్నకల్ పక్కనే. ఆయన బైబిలు అంచుల నిండా పెన్సిల్ రాతలు ఉండేవి, ఏ వచనం ఏ రోజు చదివాడో, ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో. సాయంత్రం వేళ ఆయన అరుగు మీద కూర్చుంటే ఒక గ్లాసు చాయ్, ఒక ప్రశ్న ఖాయం. సలహా మాత్రం అడిగితే తప్ప ఇచ్చేవాడు కాదు, అడిగినా తొందరగా ఇచ్చేవాడు కాదు.

1996లో డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. నాది బీఈడీ అప్పుడే అయిపోయింది. దరఖాస్తు నింపేటప్పుడే, కులం గడి దగ్గర, పెద్దల మాటలు రెండుగా విడిపోయాయి. ఈ సంగతి మన సంఘాల్లో అందరికీ తెలుసు, బయట ఎక్కువగా మాట్లాడుకోం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి కూడా ఇచ్చారు, క్రైస్తవులకి ఇవ్వలేదు. దళితుల్లోంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలకి మన దగ్గర బీసీ-సీ కింద ఉన్న రిజర్వేషన్ ఒక్క శాతం. నాన్న స్నేహితుడు ఒకాయన, చర్చి పెద్దే, "మనం యేసయ్యను నమ్మినమని ఊర్లో మన గ్లాసు వేరే పెట్టుడు ఆపిన్రా? ఆపనప్పుడు మన హక్కు మనమెందుకు ఇడువాలె?" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది, ఇప్పటికీ ఉంది. ఇంకో పెద్దమనిషి, కాగితం మీద ఒకటీ ఆదివారం ఒకటీ అయితే పిల్లలకి ఏం చెబుతాం అన్నాడు. అందులోనూ నిజం ఉంది. నేను బీసీ-సీ అని రాశాను. వేరేలా రాసినవాళ్లని ఆ రోజూ తప్పుపట్టలేదు, ఇప్పుడూ పట్టను, మనిషిని ఇలాంటి గడి ముందు నిలబెట్టిన చట్టం మీదే నా బాధ. అప్పుడు గార్డు తాత రోమా పత్రిక 14వ అధ్యాయం తీసి, "ప్రతివాడు తనమట్టుకు తానే తన మనస్సులో రూఢిపరచుకొనవలెను" అన్న చోట వేలు పెట్టి చూపించాడు. రూఢిపరచుకోవడం అంటే నాకు నచ్చింది చేసుకోవడం అని కాదు, ప్రభువు ఎదుట నిలబడి జవాబు చెప్పగలిగేంత ఆలోచించడం అని తాత ఉద్దేశం.

పరీక్ష బాగా రాశాను, ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ ఆర్డరు కోసం చూస్తున్న రోజుల్లోనే హనుమకొండలో ఒక మైదానంలో రాత్రి కూటాలు జరిగాయి. వేరే ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు, మంచి గొంతు, మంచి వాక్య జ్ఞానం కూడా. చివరి రాత్రి యువకుల్ని ముందుకి పిలిచాడు. నా తలమీద చెయ్యి పెట్టి మైకులో చెప్పాడు, ఈ బిడ్డను ప్రభువు తన సేవకు ఏర్పరచుకున్నాడు, లోక ఉద్యోగం వైపు చూస్తే ఈ ఆశీర్వాదం పోగొట్టుకుంటాడు అని. నా పేరు ఆయనకి తెలియదు, ఉద్యోగం సంగతి ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు, ఒళ్లు జలదరించింది. మర్నాడు ఆయన మనుషులు వచ్చి వాళ్ల శిక్షణ కేంద్రం అప్లికేషన్ ఇచ్చి వెళ్లారు.

ఆ వారం గడిచేలోగా నేను సంఘమంతటికీ "సేవకుడు" అయిపోయాను. మార్కెట్లో కూరగాయలు కొంటుంటే ఒకావిడ వచ్చి చేతులు పట్టుకుని ఏడ్చింది. అయ్యగారి సంతోషానికి హద్దు లేదు. ఇన్నేళ్ల ఆయన పరిచర్యలో మా సంఘం నుంచి ఒక్క పిల్లవాడూ పూర్తికాల సేవకి, అంటే వేరే ఉద్యోగం లేకుండా సువార్త పనికి, వెళ్లలేదు, ఆ దుఃఖం ఆయనకి లోపల ఉండేది. "దేవుడు చెప్పాక ఇంకా ఏం ఆలోచన బాబూ, విధేయత చూపించడమే" అన్నారు. ఇంట్లో నాన్న ఆ మాట విని అన్నం ముందు నుంచి లేచిపోయాడు. "ఇద్దరు చెల్లెండ్లు ఉన్నరు, నా సర్వీసు ఇంకెంత ఉన్నది, నువ్వు సంచి తగిలించుకుని పోతే వీళ్లనెవరు చూడాలె?" అని. అమ్మ ఎటూ మాట్లాడలేదు.

నాకు సేవ అంటే ఇష్టం లేక నేను తటపటాయించానని అనుకోవద్దు. ఇష్టమే. యూత్ మీటింగులో వాక్యం చెప్పిన రాత్రి నాకు నిద్రపట్టేది కాదు, అంత ఆనందం. అందుకే ఆ ప్రసంగీకుడి మాట నాలో అంత లోతుకి దిగింది. పిల్లలకి పాఠం చెప్పడం కూడా అంతే ఇష్టం. ఒకదాన్ని దేవునిది అని, ఇంకోదాన్ని లోకానిది అని ఆయన ఒక్క ముక్కలో విడదీశాడు, ఆ విడదీసిన చోటే నాకు ఏదో గుచ్చుకుంది, అదేంటో చెప్పడం రాలేదు.

గార్డు తాత దగ్గరికి వెళ్లాను. మొత్తం విన్నాడు. వెంటనే ఏమీ అనకుండా లోపలికి వెళ్లి ఒక పాత డైరీ తెచ్చిచ్చి, నీకు ఎవరెవరు ఏమేం చెప్పిన్రో అన్నీ రాయి అన్నాడు. రాశాను. ప్రసంగీకుడు, అయ్యగారు, నాన్న, టీచరమ్మ, ఆఖరికి మా పక్కింటి అంకుల్ కూడా. రాసినాక అడిగాడు.

"నువ్వు కాదంటే వీళ్లల్ల ఎవరికి ఏం పోతది? ఒక్కొక్కరి పక్కన రాయి."

నాకు కోపం వచ్చింది. అయ్యగారిని అలా తూకం వేయడమేంటి తాతా అన్నాను. "మీ అయ్యగారు బంగారం అసొంటి మనిషి. గని బంగారం అసొంటి మనిషికి గూడ ఆశ ఉంటది బిడ్డా. ఆశ ఉన్నంత మాత్రాన మాట అబద్ధం గాదు. నీకు తెల్సి ఉండాలె, అంతే" అన్నాడు. రాశాను. నేను వద్దంటే ఆ ప్రసంగీకుడి కేంద్రానికి ఒక విద్యార్థి తగ్గుతాడు. అయ్యగారికి తన కష్టానికి దక్కిన పంట పోతుంది. నాన్న విషయంలో లెక్క అటువైపు తిరిగింది, ఉద్యోగం వద్దంటే ఆయనకి పోయేది చెల్లెళ్ల పెళ్లిళ్ల భరోసా. టీచరమ్మ పక్కన రాయడానికి ఏమీ దొరకలేదు. ఆమె నాకు సలహా కూడా చెప్పలేదు, "ఏది చేస్తుంటే నువ్వు ప్రార్థన మర్చిపోకుండా ఉంటావో చూసుకో నాన్నా" అని మాత్రం అన్నారు. అన్నీ అయ్యాక తాత ఇంకో పేరు రాయమన్నాడు, నాది. నాకేం పోతుంది అని నేను నిజాయితీగా రాయడానికి అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది. సేవకి వెళ్తే జీతం పోతుంది. వెళ్లకపోతే ఊరంతా ఇచ్చిన ఆ గౌరవం పోతుంది. ఆ రెండోదాని మీద నాకు ఎంత మోజుందో ఆ కాగితం మీదే మొదటిసారి చూశాను.

"మరి దేవుడు నిజంగనే ఆయనతోని మాట్లాడి ఉంటే తాతా?"

"మాట్లాడి ఉంటే మంచిదే. ఆయనతోని మాట్లాడిన దేవునికి నీతోని మాట్లాడుడు కష్టమా? చూడు, బండి కదలాలంటే నేను పచ్చజెండ ఊపాలె. నేను ఊపకుంటే డ్రైవర్ తియ్యొద్దు. గని నేను ఊపిన్నని చెప్పి, సిగ్నల్ ఎర్రగుంటే గూడ తీస్తడా? ఆయన సిగ్నల్ ఆయన కండ్లతోని చూస్కోవాలె. రేపు ఎంక్వైరీల గార్డు ఊపిండు సార్ అంటే ఇంటరా?"

కాజీపేటలో పుట్టి పెరిగినవాడికి దీనికంటే బాగా ఎలా చెబుతారు. గార్డు జెండా అక్కర్లేదు అనుకునే డ్రైవరు కూడా ప్రమాదమే అన్న సంగతి ఆయన విడిగా చెప్పలేదు, చెప్పనక్కర్లేదు.

తర్వాత కొన్ని సాయంత్రాలు ఆయన నాతో బైబిల్లో మూడు చోట్ల చదివించాడు. మొదటిది మొదటి రాజులు 13వ అధ్యాయం. ఇది సండే స్కూల్లో ఎవరూ చెప్పరు. యూదా నుంచి ఒక ప్రవక్త బేతేలుకి వస్తాడు, రాజైన యరొబాము ఎదుట ధైర్యంగా బలిపీఠానికి వ్యతిరేకంగా మాట్లాడతాడు. అక్కడ అన్నం తినొద్దు, నీళ్లు తాగొద్దు, వచ్చిన దారిన తిరిగి వెళ్లొద్దు అని దేవుడు అతనికి చెప్పి పంపాడు. రాజు భోజనానికి పిలిస్తే ఠక్కున కాదన్నాడు. దారిలో ఒక ముసలి ప్రవక్త వచ్చి, నేనూ నీలాంటి ప్రవక్తనే, దేవదూత నిన్ను మా ఇంటికి తీసుకురమ్మన్నాడు అని అబద్ధం చెబితే మాత్రం వెళ్లి తిన్నాడు. తిరుగుదారిలో సింహం చంపేసింది. ఆ తర్వాత ముసలాయనే ఆ శవాన్ని తెచ్చి తన సమాధిలో పెట్టి అయ్యో నా సహోదరుడా అని ఏడుస్తాడు. ఆ ఏడుపు చదువుతుంటే నాకు భయం వేసింది. రాజుని కాదనగలిగిన మనిషి తనలాంటి దైవజనుడిని కాదనలేకపోయాడు.

రెండోది అపొస్తలుల కార్యములు 21. తూరులో శిష్యులు అపొస్తలుడైన పౌలుని యెరూషలేము వెళ్లొద్దన్నారు, అదీ ఆత్మ ద్వారానే చెప్పారని రాసి ఉంది. కైసరయలో ఫిలిప్పు ఇంట్లో అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టు తీసుకుని తన కాళ్లూ చేతులూ కట్టుకుని చూపించాడు, నీకు ఇదీ జరగబోయేది అని. అందరూ ఏడ్చారు. పౌలు వాళ్లని కసురుకోలేదు, ఆత్మ లేనివాళ్లనలేదు, మీరు ఏడ్చి నా గుండె ఎందుకు బద్దలు చేస్తారు అన్నాడు, వెళ్లాడు. అగబు చెప్పినట్టే బంధకాలూ వచ్చాయి. ప్రమాదం నిజమే, అందుకని ఆగిపోవాలన్నది వాళ్ల ప్రేమ చెప్పిన మాట. పౌలు ఆగడని తెలిశాక వాళ్లు "ప్రభువు చిత్తము జరుగునుగాక" అని ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం కూడా పెద్దరికమే అన్నాడు తాత.

మూడోది నిర్గమకాండం 18, మోషే మామ యిత్రో. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు తీరుస్తున్న అల్లుణ్ణి చూసి, ఇలా చేస్తే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు, వెయ్యి మందికి, నూరు మందికి, యాభై మందికి, పది మందికి న్యాయాధిపతుల్ని పెట్టు అన్నాడు. ఎంత మంచి సలహానో చూడండి. దేవుడు నీకు అలాగే సెలవిస్తే, అని ఒక మాట మధ్యలో కలిపాడు ఆయన. మోషే విన్నాడు. దేవుడితో ముఖాముఖి మాట్లాడిన మనిషి, మిద్యాను యాజకుడైన మామ మాట వినడానికి చిన్నతనం అనుకోలేదు.

ఇవి చదివాక తాత నన్ను డోర్నకల్ తీసుకెళ్లాడు. ప్యాసింజర్లో నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్, గార్ల దాటి. అక్కడి ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. చూసినవాళ్లకి తెలుసు, గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, స్తంభాలు చూస్తే గుడి మండపం గుర్తొస్తుంది, లోపల సిలువ ఉంటుంది. కట్టించింది బిషప్ అజరయ్య గారు. తిరునల్వేలి వైపు తమిళుడు, 1909లో మిషనరీగా మన వైపు వచ్చి తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందాడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. తాత నాకు చెప్పాలనుకున్నది అంతకు రెండేళ్ల ముందటి సంగతి. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సభ జరిగింది. అప్పటికి అజరయ్య గారికి నిండా ముప్పయ్యారేళ్లు లేవు. ఆ హాలు నిండా ఆయనకి విశ్వాసం తెచ్చిన దేశాల పెద్దలు. వాళ్ల ఎదుట నిలబడి, మీ ఆస్తి పేదలకిచ్చారు, మీ శరీరాలు కూడా అర్పించారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. అంటే మీరు మాకు దొరలుగా ఉన్నారు, తోటివాళ్లుగా లేరు అని. కొందరు మిషనరీలకి ఆ మాట నచ్చలేదు. ఆయన మాట వెనక్కి తీసుకోలేదు, వాళ్లని విడిచిపెట్టి వెళ్లిపోనూ లేదు, 1945లో చనిపోయే దాకా వాళ్లతో కలిసే పనిచేశాడు.

తిరుగు బండిలో తాత నిద్రపోయాడు. నేను కిటికీ పక్కన కూర్చుని నిర్ణయం తీసుకున్నాను. ఉద్యోగంలో చేరాలి. పాఠాలు చెప్పడం కూడా దేవుని ఎదుటే చేయాలి. ఆదివారాలు ఆ ఊళ్లో ఎవరైనా కూడుకుంటే వాక్యం చెప్పాలి. ఎవరూ నా చెవిలో చెప్పలేదు, దర్శనం రాలేదు. చదివింది, రాసింది, ప్రార్థించింది, నన్ను ప్రేమించినవాళ్లు చెప్పింది అన్నీ ముందు పెట్టుకుంటే నా మనస్సు నిలకడగా నిలబడిన చోటు అది. నాన్న కోసమే తీసుకున్న నిర్ణయం కాదని నాన్నకి కూడా చెప్పాను, ఆయనకి అది కొంచెం నచ్చలేదు.

అయ్యగారికి వేరే ఎవరి నోటా తెలియకూడదని నేనే వెళ్లి చెప్పాను. వింటూ ఉండిపోయారు. "సరే బాబూ" అన్నారు, ప్రార్థన చేయకుండా పంపించడం అదే మొదటిసారి. ఆ తర్వాత కొంతకాలం ఆరాధనలో వాక్యపఠనానికి నన్ను పిలవలేదు. సంఘంలో కొందరు నాతో మాట్లాడటం తగ్గించారు. అది చాలా బాధగా ఉండేది, ఇప్పుడు రాస్తుంటే కూడా ఉంది. కానీ వెళ్లి ఆ ముందు వరసలో కూర్చోవడం మాత్రం మానలేదు. కాదన్న మనిషి దగ్గర్నుంచి దూరం జరిగిపోవడం సులువు. అప్పుడు మన కాదనడం కేవలం పోట్లాట అయిపోతుంది.

నర్సంపేట దాటి పాకాల దారిలో, ఖానాపురం మండలంలో ఒక ఊళ్లో నా బడి. వరి కోతలప్పుడు ఒక మధ్యాహ్నం బస్సు దిగి అయ్యగారు నడుచుకుంటూ వచ్చారు. పిల్లలు వరండాలో ఎక్కాలు చెబుతున్నారు. గంట కొట్టే దాకా వెనక కూర్చుని విన్నారు. అందరూ వెళ్లాక, దావీదు నాతానుల సంగతి గుర్తుందా బాబూ అని అడిగారు. రెండవ సమూయేలు 7. దేవునికి మందిరం కట్టాలని దావీదు అంటే, నాతాను ప్రవక్త ఏం ఆలోచించకుండా, నీకు తోచినదంతా చెయ్యి, యెహోవా నీకు తోడుగా ఉన్నాడు అన్నాడు. ఆ రాత్రే దేవుడు నాతానుతో వేరే మాట చెప్పాడు. మర్నాడు నాతాను తన మాట తానే దిద్దుకోవడానికి రాజు దగ్గరికి తిరిగి రావాల్సి వచ్చింది. "ఆ కూటాల రాత్రి నేను ప్రార్థన చేయకముందే సంతోషపడ్డాను" అన్నారు అయ్యగారు. అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు. ఇద్దరం మోకాళ్లు వేశాం. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజు రెట్టింపయింది. పాస్టర్ల గురించి ఎవరు తేలిగ్గా మాట్లాడినా నాకు ఆ మధ్యాహ్నం గుర్తొస్తుంది.

పెద్దల్ని కాదన్న కథ ఒక్కటే చెబితే సగం చెప్పినట్టు అవుతుంది. చాలా ఏళ్ల తర్వాత మా సంఘంలో లెక్కల గొడవ వచ్చింది. కమిటీలో ఒకాయన కానుకల డబ్బు తీర్మానం లేకుండా వాడాడని తెలిసి, నా వయసువాళ్లందరూ వేరే చోట కూడుకుందామని బయల్దేరారు. నేనూ వాళ్లతో వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాను, నేను ఆలోచించే అనుకున్నాను, వచనాలు కూడా వెతికి పెట్టుకున్నాను. అప్పటికి తాత లేడు. టీచరమ్మ మంచం మీద ఉన్నారు. వెళ్లొస్తానని చెప్పడానికి వెళ్తే, "వెళ్తే వెళ్లు. వెళ్లేముందు ఆయనింటికి పోయి ఒక పూట భోంచేసి రా" అన్నారు. నాకు ఏ మాత్రం ఇష్టం లేని సలహా. ఎటూ తేల్చుకోలేక ఒక రోజంతా దాన్నే తిప్పుకుంటూ ఉన్నాను. నా కోపం తప్ప ఆ సలహా కాదనడానికి నాకు వేరే కారణం కనిపించలేదు, టీచరమ్మకి ఇందులో పోయేదీ వచ్చేదీ ఏమీ లేదు. వెళ్లాను. ఆయన భార్య అన్నం వడ్డించింది. ఆయన తానుగా లెక్కల పుస్తకం తెచ్చి చూపించాడు. వానాకాలంలో ఇల్లు కూలిన ఒక విధవరాలికి రేకులు వేయించాడు, కమిటీకి చెప్పకుండా. పద్ధతి తప్పే, దొంగతనం కాదు. ఆ మాట సంఘం ముందు చెప్పాలని పట్టుబట్టాను, ఆయన చెప్పాడు. నేను ఉండిపోయాను. వెళ్లినవాళ్లలో నా స్నేహితులు ఇప్పటికీ మంచి విశ్వాసులే, వాళ్లతో క్రిస్మస్‌కి కలుస్తాను.

ఇప్పుడు పిల్లలు నన్ను సలహా అడుగుతున్నారు. ఉద్యోగాలు, పెళ్లిళ్లు, విదేశాలు, ఏ ప్రసంగీకుడిని వినాలి అన్నది కూడా. ఫోన్ తెరిస్తే దేవుడు నాతో చెప్పాడు అనేవాళ్లు అప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కదా. బెరయ అనే ఊరివాళ్లు పౌలు చెప్పింది కూడా ఆలాగున్నదో లేదో అని రోజూ లేఖనాలు వెతికి చూశారు, అందుకు అపొస్తలుల కార్యములు రాసిన లూకా వాళ్లని ఘనులన్నాడు, అవిధేయులనలేదు. అపొస్తలుడి మాటకే ఆ పరీక్ష ఉన్నప్పుడు నా మాటకి ఎందుకు ఉండకూడదు. వచ్చినవాళ్లకి ఇదే ముందు చెబుతాను, ఆ తర్వాతే నా అభిప్రాయం.

పోయినేడు మా చిన్న చెల్లెలి బిడ్డ వచ్చింది. నర్సింగ్ చేసి హనుమకొండలో పనిచేస్తోంది, జర్మనీలో ఉద్యోగం దొరికింది. నేను వద్దన్నాను. బావ పోయాక చెల్లె ఒక్కతే ఉంటుంది, అక్కడ ఒంటరితనం, భాష, చలి, సంఘం ఉంటుందో లేదో, కారణాలన్నీ చెప్పాను. ఓపికగా విన్నది. తర్వాత అడిగింది, "మామా, నేను నీ మాట కాదంటే నీకేం పోతది?" నేనే చెప్పిన కథ, నేనే నేర్పిన ప్రశ్న. కొంచెంసేపు ఆగి నిజం చెప్పాను, నువ్వు వెళ్తే మీ అమ్మ బాధ్యత నా మీద పడుతుంది బిడ్డా, నాకు ఆ భయం ఉంది, అయినా నేను చెప్పిన మిగతా కారణాలు కూడా నిజమే అని. అది తలూపి, రాసుకుంది.

నెల తర్వాత వచ్చి వెళ్తున్నానని చెప్పింది. వాళ్లమ్మతో విడిగా కూర్చుని మాట్లాడింది, అక్కడ ఉన్న తెలుగు విశ్వాసుల కుటుంబం ఒకటి వెతుక్కుంది, ఎంత డబ్బు పంపాలో లెక్క వేసుకుంది. నేను ప్రార్థన చేసి పంపించాను. వెళ్లకుండా ఉంటే బాగుండేదని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను, ఆ మాట ఫోన్లో తనకీ చెప్పాను. కాంట్రాక్టు అయ్యాక అప్పుడు మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం మామా అంది. ఈలోగా వాళ్లమ్మ బీపీ మాత్రలు, కరెంటు బిల్లు నేను చూసుకుంటున్నాను.